సేనాపతి వారి రేవు

కోటరేవు, చోడవరం మండలం
అక్టోబరు పన్నెండు, ఆదివారం

చిరంజీవి ఉమామహేష్‌ను అమ్మ అచ్చియ్యమ్మ దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ మేము క్షేమం. అక్కడ ఆ మంచులో నువ్వూ క్షేమమని నమ్ముతున్నాను.

“క్షేమం” అని రాయమనగానే నీ పెళ్లాం కలం ఆపి నా మొహం చూసింది. “రాయే, ఉత్తరమంటే అలాగే మొదలెడతారు” అన్నాను. రాసింది. ఎప్పుడూ రాసిపెట్టే ప్రవల్లిక లేక కాదు, ఆ గుంట పక్కింట్లోనే ఉంది. దుర్గ చేతే రాయించాలని నేనే పట్టుబట్టి కూర్చోబెట్టాను. ఎందుకో తర్వాత చెబుతాను. నా మాటలు నేను అన్నట్టే రాస్తే మీ పటాలంలో నవ్వుతారని పుస్తకాల భాషలోకి మార్చి రాస్తోంది. ఇంటరు పాసైనదాని గొప్ప ఆ మాత్రం ఉండాలి కదా. ఉండనీ.

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. రెండు పేజీల నిండా ప్రశ్నలే. నువ్వున్న చోట ఫోను టవరు లేకపోవడం మంచిదే అయింది, ఇవన్నీ ఫోనులో అడిగి ఉంటే నేను కట్ చేసేసేదాన్ని. ముందు ఇంటి సంగతులు విను. పల్లపు మడిలో వరి పొట్ట మీద ఉంది. చెరకు ఏపుగా ఉంది, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగు మొదలవడానికి ఇంకా టైముంది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మీ నాన్న ఫోటోకి కొత్త అద్దం వేయించాను.

దుర్గ కన్ను ఎలా ఉందని అడిగావు. కుడి కన్ను బాగుంది. ఎడమది పోయింది. విశాఖ తీసుకెళితే డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఇంక చూపు రాదమ్మా అని మెల్లగా చెప్పింది. “దెబ్బ తగ్గుతోంది” అని నీకు ప్రవల్లిక చేత అబద్ధం రాయించింది నేనే. ఇప్పుడు గ్లాసులో నీళ్లు పొయ్యమంటే గ్లాసు పక్కన పోస్తోంది. పొయ్యి మీద గిన్నె దించబోయి రెండుసార్లు చెయ్యి కాల్చుకుంది. నేను తిడుతున్నాను. తిట్టడం మానేస్తే జాలిపడుతున్నానని అనుకుంటుంది, అది నాకిష్టం లేదు.

ఎప్పుడో రెండొందల ఏళ్ల కింద చచ్చిపోయిన రాజు కోసం ఇప్పటికీ ఒక ఇంటివాళ్లను బురదతో కొట్టడమేమిటి, నువ్వెలా ఒప్పుకున్నావమ్మా అని కూడా అడిగావు. తుపాకీ పట్టుకుని సరిహద్దులో నిలబడ్డవాడివి, నువ్వు అడగాల్సిన ప్రశ్నేనా అది?

చిన్నప్పుడు నీకు అన్నం పెడుతూ ఎన్నిసార్లు చెప్పాను! మన రాజుగారిని కుంపిణీ దొరలు ఏం కోరారు? సిపాయిలందరినీ పంపించెయ్యి, కోట మాకు వదిలెయ్యి, మేమిచ్చే భరణం తింటూ బందరులో కూర్చో అన్నారు. రాజుగారు ఆ కాగితం తెచ్చినవాడి చేతే దాన్ని నమిలించి పంపారు. తర్వాత కుంపిణీ పటాలం వచ్చి శారదానది అవతలి ఒడ్డున దిగింది. ఎనిమిది రోజులు ఒకటే వాన, ఏరు నిండుగా ఉంది. నీళ్లు తగ్గేదాకా దాటలేరు, ఈలోపు మన్యం నుంచి మనవాళ్లు దిగుతారని రాజుగారు ధీమాగా ఉన్నారు. తెల్లవారేసరికి ఎర్రకోట్లు ఇవతల ఉన్నాయి. ఎంత వరదలోనైనా మొలలోతు దాటని చోటు ఒకటుందని పడవ నడిపే జెర్రిపోతుల వాడికి తెలుసు. వాడు చూపించాడు. రాజుగారు కోట గుమ్మంలోనే పడిపోయారు. ఆయన పక్కన పడింది మన సేనాపతి వారి మూలపురుషుడు. కుంపిణీ వాళ్లు రాజుగారి తల ఈటెకు గుచ్చి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పారు.

వాడు ఐదు గరిసెల భూమికి ఆశపడి రేవు చూపించాడని మన ఇంట్లో చెబుతారు. కాదు, కొడుకు చెయ్యి చెరకు గానుగలో పెట్టి తిప్పడం మొదలెడితే చూపించాడని జెర్రిపోతుల వాళ్లు చెప్పుకుంటారు. ఇది రాయమంటే నీ పెళ్లాం తల ఎత్తకుండా అంది కదా: “మరి రాజుగోరు పోయిన మరుసటేడు కుంపిణీ కింద మునసబు పని సేసినోల్లు ఎవులత్తా?” అది రాయొద్దన్నాను. రాసే ఉంటుంది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ వినాయకచవితి వెళ్లిన ఆరో రోజు ఆ రేవులో తీర్థం. జెర్రిపోతుల ఇంటి నుంచి ఒకరు ఎర్రకోటు తొడుక్కుని మోకాలి లోతు నీళ్లలో నిలబడాలి. ఇంటికొకరు చొప్పున ఒడ్డున బురద తీసి ముద్ద చేసి, “ఏ ఇంటోల్లు సూపేరు రేవు?” అని అడగాలి. వాళ్లు తమ ఇంటిపేరు చెప్పాలి. అప్పుడు కొట్టాలి. నడుము కిందే కొట్టాలి, ముద్ద తడిగా ఉండాలి, అది కట్టుబాటు. దుర్గ తండ్రి దాసు ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. నూట నలభై ఇళ్లకు నూట నలభైసార్లు “జెర్రిపోతులోల్లం” అని చెప్పి, సాయంత్రం స్నానం చేసి, కొట్టినవాళ్లతోనే కలిసి భోంచేసేవాడు. ఆ ఇంటి పిల్లను నువ్వు కట్టుకుంటానన్నప్పుడు నేనెందుకు మూడు రోజులు అన్నం మానేశానో నీకు తెలుసు.

మొన్న జ్యేష్ఠంలో దాసుకు పక్షవాతం వచ్చింది. మగపిల్లలు లేరు. తీర్థం ఆపేద్దామని కొందరన్నారు. ఊరిపెద్ద సత్యారావు ఒప్పుకోలేదు. “కూతురుంది కదా, సేనాపతోరి కోడలైతే మాత్రం రగతం మారిపోద్దా?” అన్నాడు. నన్నడిగారు. నేను సరేనన్నాను. ఎలా ఒప్పుకున్నావని అడిగావు కాబట్టి నిజం చెబుతున్నాను, సంతోషంగానే ఒప్పుకున్నాను. నా ఇంట్లో తిరుగుతున్నా తానెవరి పిల్లో దీనికి ఒకసారి గుర్తొస్తే మంచిదని లోపల అనుకున్నాను. ఎర్రకోటు వదులైతే నేనే చేతులు మడిచి కుట్టాను.

ఆ రోజు అది నీళ్లలో దిగింది. మొదటి ముద్ద సత్యారావు ఇంటిది. “ఏ ఇంటోల్లు సూపేరు రేవు?” అని ఆయన గట్టిగా అడిగాడు.

“సేనాపతోరి ఇంటోల్లం” అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఇన్నేళ్లలో ఆ నీళ్లలో ఆడది నిలబడలేదు, పెళ్లైన ఆడదాని ఇంటిపేరు మారుతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సత్యారావు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. పోనీ తప్పు చెప్పిందా అంటే, ఆధారు కార్డులో ఉన్నదే చెప్పింది. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఊరంతా నవ్వింది. “ఏటి అచ్చియ్యమ్మా, మీ ఇంటోల్లేనంట కదా! రేవులో పడిన మాట ఎనక్కి తీసుకోలేం. వచ్చే ఏటి నుంచి మీ ఇంటోల్లే దిగాలి” అన్నాడు సత్యారావు. రేపు నీకు పుట్టబోయే బిడ్డ ఆ కోటు తొడుక్కోవాలన్నమాట. ఒక్కొక్క ఇల్లూ వచ్చి అడుగుతోంది, అది చెబుతోంది, జనం పడీ పడీ నవ్వుతున్నారు. నలభైసార్లు విన్నాను. రాజుగారి పక్కన పడిపోయిన మనిషి పేరు అలా బురదలో దొర్లుతుంటే వింటూ నిలబడ్డాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. ముద్దలో రాయి పెట్టి కొట్టింది ఎవరు? శివాజీయేనా? నవంబరు మొదట్లో సెలవు దొరుకుతుందని, వచ్చి శివాజీని బతకనివ్వనని రాశావు. మన చెరకు తోట పక్కవాడు, తాగుబోతు, గట్టు తగాదాలో మీ నాన్న మీద చెయ్యి చేసుకున్నవాడు. ఊరంతా వాడి పేరే చెప్పింది. పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు, నెల దాటింది, సబ్‌జైల్లో ఉన్నాడు. వాడి పెళ్లాం పైడితల్లి రోజూ పొద్దున్నే మన గుమ్మం ముందు కూర్చుని, “నా మొగుడు కొట్టలేదమ్మా, సూసినోల్లు సెప్పండమ్మా” అని ఏడుస్తోంది. నేను తలుపు వేసుకుంటున్నాను.

ఉమా, వాడు కాదు. నేను.

నా వంతు వచ్చింది. వంగి బురద తీశాను. చేతికి రాయి తగిలింది. తీసి పారేయొచ్చు. తియ్యలేదు, దాని చుట్టూ బురద మెత్తాను. ఆడవాళ్లు ఎడమచేత్తో కొట్టాలి. నేను కుడిచేత్తో కొట్టాను. ఆ మాట ఇంకొకసారి దాని నోటి నుంచి రాకూడదని నోటికే గురిపెట్టాను. కంటికి తగిలింది. శివాజీ తన వంతుదాకా ఆగలేక నాతోపాటే విసిరాడు, అందుకని నా చేతిని ఎవరూ పట్టించుకోలేదు. పోలీసులు వచ్చి అడిగితే, శివాజీ చేతిలో రాయి చూశానని ముందు చెప్పింది కూడా నేనే.

ఇది నీకూ చెప్పాలి, దీనికీ చెప్పాలి. రెండుసార్లు చెప్పే ధైర్యం లేదు. అందుకే దీని చేత రాయిస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను, కలం విసిరేసి లేచిపోతుందనుకున్నాను. కలం ఆగలేదు. అది చూసే నాకు భయం వేసింది. వాక్యం పూర్తిచేసి అడిగింది:

“రాయి ఎంతుంటాదత్తా?”

“నిమ్మకాయంత.”

“రాసేను. ఇంకేటి?”

ఇంకేముంది. తప్పు చేశాను, దాని కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను, కానీ ఇంట్లోనే. పగలంతా దానికి వినపడేలా తిడుతూ తిరుగుతున్నాను, దాని మొహం మాత్రం సూటిగా చూడలేకపోతున్నాను. ఈ మాట రాయవే అంటే రాస్తోంది. నువ్వు మాత్రం శివాజీ జోలికి పోకు. వాణ్ని చంపి నువ్వు ఉరికంబం ఎక్కితే నేను బతకను, అందుకే నోరు విప్పాను. వాడి కేసు దానంతటదే పోతుంది, లేదంటే ఆరు నెలలు కూర్చుని వస్తాడు, వాడికి ఏం పోయింది? నేను మాత్రం స్టేషనుకు వెళ్లి చెప్పను. సేనాపతి వారి కోడలు అలాంటి మెట్లు ఎక్కదు. ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి. చదవగానే కాల్చెయ్యి. చలిలో జాగ్రత్త, తల తడవనివ్వకు.

ఇట్లు,
నిన్ను కన్న పాపానికి నిజం చెప్పిన
మీ అమ్మ
(వేలిముద్ర)

ఏవండీ, ఇక్కడి నుంచి నా మాటలు. అత్త లోపల పడుకున్నారు. ఆవిడ చెప్పింది ఒక్క ముక్క వదలకుండా రాశాను, చదివి వినిపించాను, వేలిముద్ర వేశారు.

ఆ రోజు నీళ్లలో ఆ ఇంటిపేరు తెలియక చెప్పలేదు. ఆలోచించుకునే చెప్పాను. మా నాన్న ముప్పై ఏళ్లు చెప్పిన మాట నా నోటితో చెప్పదలుచుకోలేదు. రాయి ఎవరు కొట్టారో కూడా నాకు అప్పుడే తెలుసు. రెండు కళ్లతో నేను చివరగా చూసింది అత్త చెయ్యి. పోలీసులకు చెబితే అత్త మీద కోడలు చెప్పిన చాడీ అయ్యేది, మీరు కూడా నమ్మేవారు కాదు. ఆవిడ నోటి నుంచే రావాలని కాచుకున్నాను. ఈ నలభై రోజులు శివాజీ జైల్లో ఉన్న పాపంలో నాకూ వాటా ఉంది.

ఉత్తరం రాయాలి రావే అని నన్ను పిలిచినప్పుడే సంగతి అర్థమై, కాగితాల కింద కార్బన్ పెట్టుకున్నాను. కింది కాగితం మీద కూడా వేయిస్తుంటే, రెండోసారి వేలిముద్ర ఎందుకే అన్నారు. మొదటిది సరిగా పడలేదని చెప్పాను. ఒక ప్రతి ఇదిగో మీకు. రెండోది ఇందాకే పైడితల్లి చేతిలో పెట్టాను. ఆవిడ చదువుకోలేదు, గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఆటో ఎక్కి చోడవరం స్టేషనుకు వెళ్లింది.

మీరు నవంబరులో వస్తే ఎవరి కోసం వస్తున్నారో ఆలోచించుకుని రండి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పోలీసులు వచ్చేలోపు అత్తను లేపి భోజనం పెట్టాలి.

ఇట్లు,
మీ భార్య
సేనాపతి దుర్గాదేవి