అనిత వేసుకున్న గడియ

అక్కా,

నువ్వు పోయాక ఇన్నేళ్లూ ఒక్క ముక్క రాయలేదు. ఈ రోజు మూసిన తలుపు ముందు గంటసేపు కూర్చున్నాను. ఆ సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పను?

నా బిడ్డ అనితకు నీలాగే అవుతోంది. మాట్లాడుతూనే చిన్నపిల్ల గొంతు వస్తుంది, తర్వాత ఏమీ గుర్తుండదు. డిసోసియేటివ్ డిజార్డర్, అంటే మనసు ముక్కలుగా విడిపోయే జబ్బు అన్నారు. అంతకుముందు నార్కట్‌పల్లిలో ఒక డాక్టరు నాటకమన్నాడు. ఇంకొకాయన బిడ్డ ముఖం చూడకుండానే నిద్రమాత్రలు రాశాడు. చివరికి నల్లగొండలో ఈ జబ్బు చూసే థెరపిస్ట్ ఉందంటే పోయాం.

"బిడ్డతోని ఒక్కదానితోనే మాట్లాడాలమ్మా" అందామె. నాకు నువ్వే గుర్తొచ్చావు. దయ్యం విడిపిస్తానని ఆ మంత్రగాడు నిన్ను లోపలికి తీసుకుపోయి తలుపేసినప్పుడు, కొబ్బరికాయ పట్టుకొని బయట నిలబడింది నేనే. లోపల ఏం జరిగిందో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.

"తలుపు మాత్రం ఎయ్యొద్దమ్మా" అన్నాను.

"సరే, తీసే ఉంచుదాం. మీరు గీడ కూసోండి, బిడ్డ కనబడతది" అని కుర్చీ తనే జరిపింది. ఇంత మంచితనం ఎందుకో అని అదీ అనుమానమే నాకు. జపమాల తిప్పుతున్నా కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి.

కాసేపటికి అనిత లేచి వచ్చింది. "అమ్మా, జర తలుపేస్తనే. ఫికర్ చెయ్యకు" అని తనే లోపల గడియ పెట్టుకుంది.

ఆమె మీద నాకింకా నమ్మకం కుదరలేదు. వచ్చే వారమూ అక్కడే కూర్చుంటాను.

ఈ కాగితాలు నీ ఫోటో వెనక పెడుతున్నాను, నీ దగ్గరే దాచుకో అక్కా. అనితకు చూపకు. నీ సంగతి తెలిస్తే ఆ గడియ పెట్టుకోవడానికి తనూ భయపడుతుంది.