తలకిందుల వెలుగు

మార్చి 3
పదకొండేళ్లుగా టెలిస్కోపు ఇచ్చే అంకెల్ని టేబుల్స్‌లోకి ఎక్కిస్తున్నాను. నక్షత్రం నంబరు, చోటు, వెలుగు. అన్నీ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఇంతవరకూ చూసింది నేనూ, మా డైరెక్టర్‌గారూ. ఆయన కూడా మొహమాటానికే.

మార్చి 4
మా ఆఫీసుకి ఏఐ వచ్చింది! జనం మామూలు మాటల్లో అడిగితే నా టేబుల్స్ వెతికి మామూలు మాటల్లోనే చెబుతుందట. ప్రోగ్రామరు అప్పుడే దానికి చిలకమ్మ అని పేరు పెట్టేశాడు. ఏ కాలమ్‌లో ఏముందో దానికి రాసిచ్చే పని నాది. నెలాఖరుకి ఐదొందల ప్రశ్నలు రాకపోతే చిలకమ్మని మూసేస్తామని డైరెక్టర్‌గారు ముందే చెప్పేశారు. నా టేబుల్స్‌కి ఇదే ఆఖరి ఛాన్సు.

మార్చి 9, ఉదయం 10
ఓపెన్ చేశాం.

మార్చి 9, సాయంత్రం 5
నాలుగు ప్రశ్నలు. మూడు ప్రోగ్రామరువే.

మార్చి 16
మొత్తం అరవై ఒకటి. ఒకాయన తనకు ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడిగాడు. ఆ సమాచారం టేబుల్‌లో లేదండీ అని చిలకమ్మ మర్యాదగా చెప్పింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మార్చి 17
ప్రోగ్రామరు ఉండబట్టలేక రేడియోవాళ్లకి ఫోన్ చేశాడు. సాయంత్రం వార్తలవగానే చెప్పారు, ఇవాళ ఆకాశంలో అన్నిటికన్నా బాగా వెలిగేదేదో చిలకమ్మని అడగండని. గంటలో నూట నలభై మంది అడిగారు!

మార్చి 18
కొంప మునిగింది. పొద్దుటినుంచి ఫోన్లే ఫోన్లు. అందరికీ చిలకమ్మ ఒకే నక్షత్రం చెప్పిందట. వెలుగు పద్దెనిమిది, మేడెక్కి తూర్పుకి చూడండి అని. ఎక్కారట. అక్కడేమీ లేదట. ఒకావిడ మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులు ఎక్కిందట, మీ నక్షత్రం తగలెయ్య అని తిట్టిపోసింది. టేబుల్ తీసి చూశాను. అంకె కరెక్టే.

అదే రోజు, సాయంత్రం 6
ఇంటికి రాగానే అత్తయ్య దగ్గర మొరపెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. పద్దెనిమిదంటే బోలెడు వెలుగేగా, మరి కనపడదేం అంది. అయ్యో, వెలుగు లెక్కలో అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసకబారుతుంది అత్తయ్యా, పద్దెనిమిదంటే అసలు కంటికే ఆనదు అన్నాను. ఆ ముక్క చిలకమ్మకి చెప్పావా అని అడిగింది.

చెప్పలేదు. పదకొండేళ్లుగా నోట్లో నానిన సంగతి, లోకమంతటికీ తెలుసనుకున్నాను. ఆ కాలమ్‌కి 'వెలుగు' అని రాసి ఊరుకున్నాను. అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

మార్చి 19
ఒక్క వాక్యం చేర్చాను: అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు. తప్పు చిలకమ్మది కాదు, నాదేనని అందరికీ మెసేజ్ పెట్టాం. మోకాళ్లావిడకి నేనే ఫోన్ చేశాను. మళ్లీ మేడెక్కమనడానికి నోరు రాలేదు. ఈసారి చిలకమ్మ చెప్పిన చుక్క పడమట ఉంది. ఆవిడకి పడమటి కిటికీ ఉందని కనుక్కుని, చీకటి పడగానే అందులోంచి చూడమన్నాను.

మార్చి 20
ఆవిడకి కనిపించిందట! పక్కింటివాళ్లని పిలిచి మరీ చూపించిందట. అదెంత దూరం, దాని కింద ఎర్రగా ఉన్నదేమిటి అని ఊపిరాడనివ్వలేదు. చిలకమ్మని అడగండమ్మా అన్నాను. అడక్కేం, మా వీధివీధంతా అదే పనిలో ఉంది అంది.

మార్చి 31
లెక్క చూడ్డానికి డైరెక్టర్‌గారు వస్తున్నారు. ఈలోగా నేనూ ఒకటి అడుగుదామని కూర్చున్నాను. మీ ముందు రెండొందల పన్నెండు మంది ఉన్నారు, దయచేసి ఆగండి అంది చిలకమ్మ.

హాయిగా ఆగాను.