కంప్యూటరు బతికుండగానే వారసుడా?

కంపాలా, మార్చి 4

అత్తయ్యకు,

మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరిస్తున్నాను. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరు, మీ కోళ్ళు, మీ కంప్యూటరు కులాసా అని తలుస్తాను.

మా మరమ్మతు దుకాణానికి నిన్న ఒక పంతులుగారు చచ్చిన కంప్యూటరు పట్టుకొచ్చి, బల్ల మీద పెట్టి భోరుమన్నాడు. పదేళ్ళ రాతలు పోయాయి. నాకు వెంటనే మీరు గుర్తొచ్చారు. కాలుంగు చుట్టుపక్కల నలభై రెండేళ్ళు మంత్రసానిగా మీరు పోసిన నాలుగువేల రెండువందల పదహారు పురుళ్ళూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. పాత పుస్తకాలు చెదలు తినేశాయి. ఆ పెట్టె పోతే మన వైపు ఎవరెప్పుడు పుట్టారో చెప్పే దిక్కుండదు.

కాబట్టి బ్యాకప్ చేయండి. అంటే ఇది పోయినా దీని చోట నిలబడడానికి ఇంకోటి ముందే సిద్ధం చేసుకోవడం. రెండు పెన్‌డ్రైవులు పంపుతున్నాను. ఫైలుతోపాటు సెట్టింగులు కూడా ఎక్కించాలి. మీరు పెద్దవి చేసుకున్న అక్షరాలు, మన పేర్ల కింద ఎర్రగీత గీయకుండా దానికి నేర్పిన పేర్ల పట్టిక, అన్నీ. ఎలాగో వెనక పేజీలో రాశాను. ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. ఒకటి నాకు పంపండి.

మీ మేనకోడలు,
నంతేజా

తా.క.: ఫోను ఎత్తరేం? ఆరుసార్లు చేశాను.


కాలుంగు, మార్చి 11

చిరంజీవి నంతేజాకు అత్త పెర్పెటువా దీవించి రాసేది,

ఫోనులో మాట రేపటికి ఉండదు. ఉత్తరం ఉంటుంది. అందుకే ఎత్తను.

నీ ఉత్తరం చదివాను. నిన్ను నేను ఇలాగేనా పెంచింది? ఒకరు పోయాక వారి చోట నిలబడేదాన్ని మనం వారసుడంటాం. వారసుడెవరో మనిషి ఊపిరితో ఉండగా ఎవరైనా నోరు విప్పుతారా? మీ తాత వీలునామా ఆయన పోయి, ఆఖరి కర్మ రోజు తన ఒంటికి వారసుడి బెరడు బట్ట కట్టేదాకా మీ నాన్నకే తెలియదు. నువ్వేమో పనిచేస్తున్న పెట్టె ముందు కూర్చుని, దాని చేత్తోనే దాని వారసుణ్ణి తయారు చేయమంటున్నావు!

పైగా అది పెద్దాయన. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంది. ఒక్కరోజూ పడకేయలేదు.

మీ అత్త

తా.క.: నీ ఉత్తరం పైకి చదువుతుంటే దాని తెర ఒకసారి మిణుకుమంది. విన్నట్టుంది. దుప్పటి కప్పాను.


కంపాలా, మార్చి 17

అత్తయ్యకు,

నమస్కారాలు. తప్పయింది, క్షమించండి. దుప్పటి మాత్రం తీసేయండి, దానికి ఉక్కపోసి నిజంగానే పోతుంది.

పెద్దలను అడగాలంటే అడగండి. రహస్యంగా చేయాలంటే రహస్యంగానే చేయండి. కానీ చేయండి. మీ నలభై రెండేళ్ళ కష్టం అత్తయ్యా. అది పోతే నేను తట్టుకోలేను, మీ సంగతి చెప్పనే అక్కర్లేదు. చేశాక ఒకసారి తెరిచి, అన్నీ వచ్చాయో లేదో చూసుకోవాలి. అది మరిచిపోకండి.

మీ నంతేజా

తా.క.: నన్ను చేసుకోబోయే కిగుండు ఇంటివాళ్ళు ఆగస్టులో అరటి గెలలూ మేకలూ పట్టుకుని మనింటికి పెళ్ళికి ముందు జరిపే పరిచయానికి వస్తారట. పెళ్ళికొడుకు మీకు మరీ మరీ దండాలు చెప్పమన్నాడు.


కాలుంగు, ఏప్రిల్ 2

నంతేజాకు,

దీవెనలు. నీ మాట కాదనలేక మన వంశపు పెద్దలను పిలిచాను. ఏడుగురు వచ్చారు. మటోకె అరటి ముద్ద, వేరుశనగ పులుసు తిన్నాక విషయం చెప్పాను. పెద్దాయనకు వినబడకుండా పెరట్లో కూర్చున్నాం.

నువ్వు పంపిన రెండు పెన్‌డ్రైవుల్లో ఎవరిని వారసుణ్ణి చేయాలన్నది తేలడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఎర్రది ముందు కొన్నావని బిల్లు చీటీలో ఉంది, అంటే అది పెద్దకొడుకు. లుట్టాయా తాత వెంటనే తల అడ్డంగా ఊపాడు. "రాజుగారింట్లోనే పెద్దకొడుక్కి గద్దె ఇవ్వరు. మనమేమన్నా రాజుగారి కంటే గొప్పోళ్ళమా?" అన్నాడు. కనుక నీలంది వారసుడు. ఎర్రది నీకు పంపుతున్నాను, చిక్కుడుగింజల సంచిలో వెతుక్కో.

వెనక పేజీ చూసి నేనొక్కదాన్నే ఎక్కించాను. ఈ వయసులో ఈ జిల్లాలో ఇంకెవరు చేస్తారో చూపించమను. నీలందాన్ని లుట్టాయా తాత బెరడు బట్టలో చుట్టి వాళ్ళింటికి పట్టుకెళ్ళాడు. తెరిచి చూడమన్నావు. బతికున్నవాడి వీలునామా తెరుస్తారుటే? ఎవరూ ముట్టుకోలేదు. నీదాన్ని నువ్వు తెరుచుకో, పట్నంవాళ్ళకు ఎలాగూ సిగ్గులేదు.

మీ అత్త

తా.క.: తాత దాన్ని పొయ్యి పైన, విత్తనాల మొక్కజొన్న పక్కన వేలాడదీశాడట. "గింజలకే పురుగు పట్టని చోట దీనికేం పడుతుంది?" అంటున్నాడు.


కంపాలా, ఏప్రిల్ 9

అత్తయ్యకు,

నమస్కారాలు. పొయ్యి మీదా! దించమనండి, వెంటనే!

నాది తెరిచాను. అన్నీ ఉన్నాయి. కానీ 1,107వ వరుస కూడా చూశాను. అది నేను. మీరు రాసిన సంవత్సరం ప్రకారం నాకు ముప్పై ఒకటి! బడిలో చేర్చేటప్పుడు నాన్న రెండేళ్ళు మింగేశాడన్నమాట. కిగుండుకు నేను ఇరవై తొమ్మిదని చెప్పాను. వాళ్ళమ్మ ఊరంతా చెప్పింది. పెళ్ళి ఆగిపోతే?

మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఒక్క వరుస అన్ని చోట్లా చెరిపేయండి.

మీ నంతేజా

తా.క.: అన్నీ మూడు చోట్ల ఉండాలన్నది నేనేనా? నా నోరు పడిపోను.


కాలుంగు, ఏప్రిల్ 20

నంతేజాకు,

చెరిపే అవసరం లేదు తల్లీ. పోయిన బుధవారం కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. పెద్దాయన పొగ కక్కి పోయాడు.

నేను ఏడవలేదు. ఇలాంటి రోజుకేగా వారసుడు అనుకున్నాను. పెద్దలు వచ్చారు, డప్పు కొట్టారు. లుట్టాయా తాత బెరడు బట్ట విప్పాడు. లోపల నీలం ముద్ద ఉంది. పొయ్యి వేడికి కరిగి, గట్టిపడి, చింతపిక్కంత అయింది. అప్పుడు ఏడ్చాను. తాత కూడా ఏడ్చాడు.

నిన్న ఒక తల్లి వచ్చింది. బడిలో కూతురు పుట్టిన తేదీ అడిగారట. నలభై రెండేళ్ళలో మొదటిసారి తెలియదని చెప్పాను. ఆ పిల్ల అడ్డం తిరిగితే రెండు రోజులు నిద్రపోకుండా బయటికి తెచ్చినదాన్ని నేనే. తేదీ మాత్రం గుర్తులేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు నీ దగ్గరున్న ఎర్రదొక్కటే మిగిలింది. నీ వరుస చెరుపుతావో, దిద్దుతావో నీ ఇష్టం. నాకు తెలియదు, నేను అడగను కూడా. మిగతావాళ్ళను మాత్రం నాకు పంపు.

మీ అత్త

తా.క.: పెద్దకొడుకును కాదన్నందుకు ఇలా అయిందని తాత అన్నం మానేశాడు. ఒక మంచి మాట రాయి.


కంపాలా, మే 3

అత్తయ్యకు,

మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించి నమస్కరిస్తున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు దగ్గర పెద్ద పెట్టె ఉంటుంది. నేను బాగుచేసిన కంప్యూటరు. తెరవగానే మీ పెద్ద అక్షరాలే కనిపిస్తాయి. ఏ పేరు కిందా ఎర్రగీత రాదు, నేను ఒక్కో పేరూ చూశాను. తాతను కూర్చోబెట్టి చూపించి, అన్నం పెట్టండి. వేరుగా ఇంకో రెండు నకళ్ళు చేశాను, అవి పొయ్యికి దూరంగా ఉండాలి.

1,107 అలాగే ఉంది. రెండు రోజులు దాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మీరు రాసినదాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు. నాకు ముప్పై ఒకటి. ఎవరడిగినా ఇదే చెబుతాను.

కిగుండుకు కూడా చెప్పాను. అతడు, "మా అమ్మకు పురుడు పోసింది కూడా మీ అత్తయ్యేనా?" అన్నాడు. వెతికాను. 1,322. ముప్పై రెండని నాకు చెప్పిన మనిషికి ఇరవై తొమ్మిది! పద్దెనిమిది నిండకుండానే బస్సు నడపాలని అప్పట్లో మూడేళ్ళు కలిపాడట. ఆ మీదట ఇద్దరం నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డాం. ఆగస్టు పరిచయం ఆగస్టులోనే.

మీ మేనకోడలినని ఈ వీధిలో అందరికీ చెప్పుకుంటున్నాను.

మీ నంతేజా

తా.క.: మీ పేరు ఎక్కడుందా అని మొదటినుంచి చివరిదాకా చూశాను, లేదు. మీరు పుట్టినప్పుడు రాసేవాళ్ళు ఎవరూ లేరు కదా. అందుకని చివర 4,217 అని వేసి మీ పేరు చేర్చాను. తేదీ చెప్పండి, రాస్తాను. రెండేళ్ళు తగ్గించి చెబితే మాత్రం రాయను.