బోర్లా పడకముందే బొబ్బట్లు

నవంబరు 3, సోమవారం
ఉదయం 7:10. ఈరోజు నుంచి నేను కొత్త నాన్నని!

ధనశ్రీకి మూడున్నర నెలలు. మేలుకుని ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టి, దగ్గరే ఉండి ఆడించాలని డాక్టరమ్మ చెప్పింది. మెడ, భుజాలు గట్టిపడతాయట. దీన్నే టమ్మీ టైమ్ అంటారు.

ఈ డ్యూటీ నాదేనని మా ఆవిడ వినీలకి మాటిచ్చాను. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. కొత్త చాప, గిలక్కాయ, ఫోన్‌లో అలారం. అన్నీ రెడీ!

అసలు కోరిక డైరీకి మాత్రమే. పిల్ల తనంతట తాను మొదటిసారి బోర్లా పడుతుంటే నేను చూడాలి. మొదటి నవ్వు నవ్వినప్పుడు ఆటోనగర్‌లో బేరింగులు అమ్ముకుంటున్నాను. ఇంటికొచ్చేసరికి నాకు మిగిలింది నవ్వినందుకు చేసిన నువ్వుండలే.

నవంబరు 4
7:10. పడుకోబెట్టి ఎదురుగా నేనూ బోర్లా పడుకున్నాను. నలభై సెకన్లు తల ఎత్తింది!
7:11. ఏడుపు. ఎత్తేసుకున్నాను. నా పొట్ట నేలకానితే నా మెడ లేవడం లేదు. ఇద్దరిలో పిల్లే నయం.
సాయంత్రం రెండుసార్లూ నిద్రపోయింది. నిద్రలో బోర్లా వద్దన్నారు. నా తప్పేం లేదు.

నవంబరు 6
పాలు తాగిన వెంటనే వద్దట. ఆగాను. ఆగేసరికి షాపు టైమైంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ గురించి డాక్టరమ్మకేం తెలుసు?

నవంబరు 9, ఆదివారం
10:20. బోర్లా పడుకోబెట్టి, పక్కనున్న గిలక్కాయ అందుకోవడానికి తిరిగాను. అంతే! అమ్మ వచ్చింది.
"ఒరే కృష్ణా! నా బంగారుతల్లి బోర్లా పడిందిరా!"
"అది కాదమ్మా..." అనేలోపే శనగపప్పు నానేసింది.
వినీల పరుగెత్తుకొచ్చింది. "మీరు చూశారాండీ?"
చూశానన్నాను. ఎందుకన్నానో!

సాయంత్రం 5:00. బోర్లా పడితే బొబ్బట్లు కదా. అపార్ట్‌మెంట్లో అందరికీ పంచారు. పై ఫ్లోర్ ఆమినాబీ గారు "ఏ వైపు తిరిగిందండీ?" అని అడిగారు. ఎడమ అన్నాను. నేనూ నాలుగు తిన్నాను.

నవంబరు 11
జనం చూడ్డానికి వస్తున్నారు. పిల్ల వెల్లకిలా పడుకుని కాళ్లాడిస్తోంది. దిష్టి తగిలిందని అమ్మ మిరపకాయలు తిప్పింది.

నవంబరు 13
అలారం తీసేశాను. చాప మీద నేనే నిద్రపోయాను.

నవంబరు 16, ఆదివారం
8:05. చాప మీద పిల్ల పక్కన ఊరికే నడుం వాల్చాను. నా చేతిలో గిలక్కాయ చూసింది. కాలు ఇటు వేసింది. వెనక్కి పోయింది. మళ్లీ వేసింది. పడింది! తనంతట తానే! కుడివైపుకి!

నేనొక్కణ్ణే చూశాను. వినీలని పిలవబోయి ఆగిపోయాను. వారం కిందటే పడిందిగా! ఇంత సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఏడుపొచ్చింది.

"కింద చెయ్యి ఇరుక్కుంది, తియ్యరా," అంది అమ్మ గుమ్మంలోంచి. "ఆవేళ రెండు చేతులూ పొందిగ్గా ముందుకున్నాయి. ముగ్గుర్ని పెంచాను, నువ్వే పడుకోబెట్టావని ఆమాత్రం తెలీదూ?"
"మరి బొబ్బట్లెందుకు చేశావే?"
"అనుమానం వచ్చేసరికి పప్పు ఉడికిపోయింది. పారబొయ్యమంటావా?"

వినీలకి నిజం చెప్పాను. నా చేతిలో గిలక్కాయ లాక్కుంది. "ఇందాక పడినప్పుడు నేనెక్కడున్నాను?"
"స్నానానికి వెళ్లావు."
దిండు వచ్చి నా మొహానికి తగిలింది. "పాకేటప్పుడు నన్ను పిలవకపోతే చెబుతాను మీ పని!"

సాయంత్రం 6:00. రేపటి నుంచి మళ్లీ! మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. ఈసారి చాప మీద ముగ్గురం. అలారం పెట్టేశాను.

పాకితే పాకుండలు. అమ్మ బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. "ఆగమ్మా, ముందు పాకనీ!" అని అరిచాను.