సూపర్ అక్కా

జనవరి 12
ధర్మపురిలో గోదావరి ఒడ్డున నూట ఇరవై ఫోటోలు తీశాను. ఎక్కడో తేడా కొడుతోంది, ఏమిటో తెలియట్లేదు. మా స్కూల్లో పక్క క్లాసు టీచర్ మధులికకు పంపాను. సూపర్ అక్కా, అంది. రెండేళ్లుగా ఏది పంపినా ఇదే మాట. మంచి పిల్ల.

జనవరి 31
ఇవాళ మా బాపు రిటైర్మెంట్. నస్పూర్‌లో ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలోకి దిగి ఎక్కిన మనిషి. ఆఖరి షిఫ్ట్ అయిపోయి గేటు బయటికి వచ్చాడు. నెత్తిన టోపీ, మెడలో దండ, ముఖం నిండా బొగ్గు, నవ్వు. వరసగా పదిహేను తీశాను. తర్వాత టోపీ కంపెనీకి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి స్నానం చేశాడు. అంతే, అయిపోయింది.

ఫిబ్రవరి 2
కరీంనగర్ పోయి మరీ పెద్ద ప్రింట్ వేయించుకొచ్చాను. బాపు అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గిది ఎవలు బిడ్డా, అని అడిగాడు.
దండ తెలుస్తోంది. ముఖం లేదు, అంతా నలుపే. పదిహేనూ అంతే.
నిన్న ఇదే పంపితే మధులిక సూపర్ అంది!

ఫిబ్రవరి 9
మధులిక వాళ్లింటికి పోయాను. చేతులకు మైదాకు పెట్టుకుని కూర్చుంది. స్కూల్ ఫోటోలు నా ఫోన్లకెల్లి పంపుకో అక్కా, అని లాక్ తనే చెప్పింది. వాట్సాప్‌లో ఒక గ్రూపు. పేరు 'పద్మక్క స్టూడియో'. పద్మక్క అంటే నేనే. గ్రూపులో నేను లేను. మా స్కూలు వాళ్లు పదకొండు మంది, నా ఫోటోలన్నీ ఉన్నాయి.
ధర్మపురి ఫోటో కింద: గోదావరి ఎడమకు కారిపోతుంది, బకెట్ పట్టుండ్రి.
అనసూర్య టీచర్ ఫోటో కింద: నెత్తిలకెల్లి కరెంటు స్తంభం మొలిచింది.
డిసెంబర్ 20న: అక్కకు సూర్యునితోని ఏం పగనో, ఎప్పుడు మనిషి ఎనకనే నిలవెడ్తది. అందరు బొగ్గుబాయిలకెల్లి వచ్చినట్టే ఉంటరు.
అన్నీ రాసింది మధులికే.
ఫోన్ అక్కడే పెట్టి వచ్చేశాను. చాయ్ కూడా తాగలేదు.

అదే రోజు, సాయంత్రం 6
నవ్వుకుంటే నవ్వుకోనీ. నా మంట అది కాదు. ఆమెకు కన్నుంది! నాకు లేని కన్ను. డిసెంబర్‌లోనే ఆమెకు తెలుసు. అక్కా, ఎండ నీ వీపు మీద పడేటట్టు నిలబడు, అని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? బాపు ముఖం పడేది కదా. పదకొండు మందికి చెప్పింది, నాకు తప్ప. ఎంత మోసం!

ఫిబ్రవరి 11
స్టాఫ్ రూములో అడిగేశాను. ఏడ్చింది. నువ్వు బాధపడ్తవని చెప్పలే అక్కా, అంది. నేను బాధపడొద్దని ఊరందరినీ నవ్వించావా, అన్నాను. ఇగ నుంచి నిజమే చెప్త, ఒట్టు, అంది.

ఫిబ్రవరి 16
పాత ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. వాళ్ల వెక్కిరింపులు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ చూశాను. అన్నీ నిజాలే. ఫోటో ఒక పక్కకు వాలి, గోదావరి నిజంగానే కారిపోతోంది. సిగ్గులేకుండా నవ్వు కూడా వచ్చింది.

ఫిబ్రవరి 17
ఒక్కడుగు పక్కకు జరిగితే స్తంభం పోతుంది. ఇంతేనా!

ఫిబ్రవరి 23, ఉదయం 7.30
బాపును వాకిట్లో ఎండకు ఎదురుగా కూర్చోబెట్టాను. కండ్లల్ల ఎండ గొడ్తుంది బిడ్డా, అని చికిలించాడు. టోపీ లేదు, దండ లేదు, బొగ్గు లేదు. ముఖం మాత్రం పడింది. మధులికకు పంపాను. తప్పేంటో చెప్పు, అని రాశాను.

7.40
సూపర్ అక్కా, అని వచ్చింది.
ఫోటో అంచుకు బాపు ఎడమచేయి మణికట్టు దగ్గర తెగిపోయింది. నేనే చూశాను.
బాపూ, అప్పుడే లేవకు, అన్నాను.