బొల్లావు ఉన్నన్నాళ్లు

1966 ఏప్రిల్ 11
చిట్యాలలో రోడ్డు పక్కన కరువు పశువులకు క్యాంప్ పెట్టారు. మేత లేని రైతులు తోలుకొచ్చి అప్పగిస్తున్నారు, వానలు పడ్డాక తీసుకుపోవాలి. వాలంటీర్లు కావాలంటే నా పేరిచ్చాను. మా ఆయన భిక్షపతి నవ్వారు. కౌసల్యా, పెళ్లయినప్పటి నుంచి నువ్వు పేడ ముట్టడం చూడలేదే అన్నారు. మర్రిగూడ పశువులు కూడా ఈ క్యాంప్‌కే వస్తాయని విన్నాను. మర్రిగూడ మా అమ్మగారి ఊరు. ఆ సంగతి మాత్రం ఆయనతో అనలేదు.

ఏప్రిల్ 14
సొప్ప నరకడం, తొట్లు నింపడం, లేవలేని వాటిని గోనెపట్టాలు వేసి లేపడం. చేతులు బొబ్బలెక్కాయి. మర్రిగూడ నుంచి ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 19, సాయంత్రం
నాయిన వచ్చాడు.
చూసి మూడేళ్లయింది. వేరే కులం వాణ్ని రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నానని గడప తొక్కొద్దన్నాడు, అంతే. గడ్డం మొత్తం నెరిసింది. బొల్లావు ఒక్కదాన్నే తోలుకొచ్చాడు. ఎడ్లు రెండూ చచ్చిపోయాయట. నేను తొట్టి దగ్గరే నిలబడి ఉన్నాను. చూశాడు. చూసి, క్యాంప్ చూసుకునే గాలయ్య వైపు తిరిగి, "గా పిల్లకు చెప్పు. దీనికి సల్లటి కుడితి పడది, జర గోరువెచ్చగ పెట్టాలె" అన్నాడు.
గా పిల్ల.
అది దూడగా ఉన్నప్పుడు నోట్లో వేలు పెట్టి పాలు తాగడం నేర్పింది నేను. కుడితి సంగతి నాకు తెలియదా.
అమ్మ ఎట్లా ఉందని అడుగుదామనుకున్నాను. అంతలోనే నాయిన తువ్వాల దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 20
కుడితి గోరువెచ్చగా పెట్టాను.

మే 3
నాయిన మళ్లీ వచ్చాడు. ఆవు గంగడోలు నిమురుతూ దానితోనే మాట్లాడాడు. బాయి ఎండిందట. ముసల్దానికి మోకాళ్లు పట్టుకున్నయట, లేస్తలేదట. అమ్మ మోకాళ్ల సంగతి ఆవుకెందుకు? నేను అవతలి పక్కన నిలబడి దాని చెవుల్లో పిడుదులు ఏరుతూ ఒక్క మాట పోనివ్వకుండా విన్నాను. ఏరడానికి ఇంకేమీ లేకున్నా ఏరుతూనే ఉన్నాను.

మే 12
బొల్లావు పడిపోయింది.

మే 13
డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాడు. ఒకే పక్కన ఉంచితే పుండ్లు పడతాయి, పక్కలు మారుస్తూ ఉండమన్నాడు. మా ఆయన పంతులుగా చేసే బడికి సెలవులు కదా, ఆయన కూడా వచ్చి గాలయ్యతో పాటు పట్టారు. నేను తల ఒళ్లో పెట్టుకొని గంజి తాగించాను. సగం నేలపాలే. "ఇది బతికేటట్టు లేదమ్మా" అన్నాడు గాలయ్య.
ఇది చస్తే నాయినకు చిట్యాలలో ఏం పని? ఆ ఒక్క ఆలోచనే. ఆవు మీద జాలి అని అందరూ అనుకుంటున్నారు.

మే 21
లేచింది. ముందుకాళ్లు వణికాయి కానీ నిలబడింది.
ఇంటికొచ్చి చెప్తూ ఏడ్చేశాను. సంతోషం అనుకున్నారు ఆయన. వాన పడితే నాయిన దీన్ని తోలుకుపోతాడు కదా.

జూన్ 9
వాన. మా వాడ మొత్తం బయటికొచ్చి తడిసింది. ఇంకో వారం ఆగితే బాగుండునని నాకే అనిపించింది. కరువులో ఎవరైనా ఇట్లా కోరుకుంటారా? సిగ్గేసింది.

జూన్ 12
పాకలు ఖాళీ అవుతున్నాయి. బొల్లావును కడిగి, కొమ్ములకు నూనె రాశాను. ఎవరు వస్తారో. వేరే ఎవరినైనా పంపిస్తాడేమో.

జూన్ 14
పొద్దున్నే కడుపునిండా తిని క్యాంప్‌కు వెళ్లాను. నాయిన అప్పటికే తలుగు విప్పుతున్నాడు. రోడ్డు దాకా వెనకే నడిచాను. ఆగాడు. నా కాళ్ల వైపు చూస్తూ, "తిన్నవా బిడ్డా" అన్నాడు.
లేదన్నాను.
వేపచెట్టు కింద కూర్చొని సద్దిమూట విప్పాడు.