నాలుగు వందల పదకొండు గొంతులు

గురువారం, మధ్యాహ్నం భోజనాల వేళ

చిరంజీవి చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నాన్న, నేను, రెండు సర్వర్లూ క్షేమం. ఏసీ ఒక్కటే క్షేమం కాదు. అక్కడ నీ ఆరోగ్యం, నీ కోపం ఎలా ఉన్నాయో రాయి. ఏడు నెలలుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరానికి దిగాను. చింపేసే ముందు చివరిదాకా చదువు.

ముందు నీకు నచ్చే వార్త. నువ్వే గెలిచావు. మా ఆసుపత్రి గొంతులన్నీ క్లౌడ్‌కి వెళ్లిపోయాయి. ఆపరేషన్‌తో మాట పోతుందని తెలిసి, ముందే వచ్చి రికార్డు చేయించుకున్నవాళ్ల గొంతులవి. పదకొండేళ్లుగా ఆ పాత చక్రాల కుర్చీల గదిలో నా కాపలాలో ఉన్నాయి. ఎవరైనా వేలు పెడతామంటే ఇంతెత్తున లేచేదాన్ని, నీకు తెలుసు.

పోయిన నెల ఏసీ నీళ్లు కారి సరిగ్గా పెద్ద సర్వరు నెత్తిన పడ్డాయి. మెకానిక్ వచ్చేదాకా దానికి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మగారు తలుపు తీసి నన్ను ఆ అవతారంలో చూశారు. నవ్వలేదు. నీకు జ్వరమొస్తే ఈ గొడుగు ఎవరు పడతారమ్మా అని అడిగారు. 

అయినా ఊరుకుంటానా? నా వాదనలన్నీ ఏకరువు పెట్టాను. మన గొంతులు మన గదిలోనే ఉండాలని, ముక్కూ మొహం తెలియనివాళ్ల మెషీన్లలో ఎందుకని, నెట్ తెగితే ఏం చేస్తారని. ఆవిడ ఓపిగ్గా విన్నారు. చిన్న సర్వరులో ఒక కాపీ ఇక్కడే ఉంచుదాం, తాళం మన చేతిలోనే ఉంటుంది, అసలువి మాత్రం పంపేద్దాం అన్నారు. గది ఊడ్చే ఆయా ఇదంతా విని, మబ్బులో పెడితే వానకి తడిసిపోవా అమ్మా అని బెంగపడింది. ఇక్కడ మాత్రం తడవడం లేదా అన్నాను.

మన గొడవ కూడా దీని మీదే కదా. నాన్న గొంతు క్లౌడ్‌లో పెట్టవే, ఇంత దూరం నుంచి వినాలనిపించినప్పుడల్లా వింటాను అని మూడేళ్లు బతిమాలావు. నువ్వే వచ్చి విను అన్నాను. తీరా వస్తే ప్రతిసారీ ఒక వంక. మెషీన్ రిపేరులో ఉందన్నాను, డిస్కు మారుస్తున్నామన్నాను, తాళం డాక్టరమ్మగారి దగ్గరుందన్నాను. చివరిసారి గుమ్మంలో నిలబడి, నాన్న గొంతు మీద కూడా నీ పెత్తనమేనా అక్కా అని వెళ్లిపోయావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కానీ తప్పు నీది కాదు.

మాట పోయిన దగ్గర్నుంచీ నాన్న పలక, బలపంతోనే నెట్టుకొస్తున్నాడు. ఆయన గొంతుతోనే పలికే యంత్రం పెట్టిద్దామని డాక్టరమ్మగారు ఎన్నిసార్లు అడిగినా తల అడ్డంగా ఊపుతాడు. మొండితనం మనకి ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా! నిన్న పలక మీద నీ బొమ్మ వేశాడు. ముక్కు మరీ పెద్దది చేశాడు, నేను సరిదిద్దలేదు.

నాన్న గొంతు ఎప్పుడు పంపుతానా అని ఎదురుచూస్తావు. దాని గురించి రాయడానికే కలం పట్టాను, ఇంతసేపూ చుట్టూ తిరిగాను. సంతకం పెట్టేసి, కింద రాస్తున్నాను.

ఇట్లు,
నీ మొండి అక్క

తా.క.: గొంతులు పంపేటప్పుడు రిజిస్టరులో ఎన్ని ఉన్నాయి, అక్కడికి ఎన్ని చేరాయి అని కంప్యూటరు ఒక్కొక్కటీ సరిచూస్తుంది. రిజిస్టరులో పేర్లు నాలుగు వందల పన్నెండు. చేరిన గొంతులు నాలుగు వందల పదకొండు. దారిలో ఏదీ పోలేదు చెల్లీ. ఆ ఒక్కటీ ఎప్పుడూ లేదు. ఆపరేషన్‌కి ముందు రోజు నాన్న రికార్డింగు చేసే గాజు గదిలో గంటన్నర మాట్లాడాడు. నేను ఇవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వింటూ, ఏడుస్తూ, రికార్డు మీట నొక్కడం మరిచిపోయాను. మర్నాడు ఫోల్డరు తెరిచి చూసేసరికి ఆయన ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. క్లౌడ్ వద్దని నేను చెప్పిన కారణాలు అబద్ధాలు కావు, కానీ నా అసలు భయం ఈ లెక్కే.

నిన్న నాన్న కాళ్ల దగ్గర కూర్చుని చెప్పేశాను. ఆయన పలక తీసుకుని, తెలుసు అని రాశాడు. ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, గాజు గదిలో వేరే ఆయన మాట్లాడుతుంటే ఎర్ర లైటు వెలగడం చూశాడట. తనకి వెలగలేదని అప్పుడే అర్థమైందట. ఇన్నేళ్లుగా ఆ యంత్రం వద్దన్నది నా కోసమే. పలక తుడిచి, నువ్వు విన్నావుగా అని రాశాడు.

విన్నాను. చివర్లో నీతో మాట్లాడాడు. పిచ్చుకా, అక్క మీద అలిగితే అలుగు గానీ అన్నం మానకు అన్నాడు. ఇంకా చాలా ఉంది. ఎక్కడ ఆగాడో, ఎక్కడ దగ్గాడో కూడా నాకు గుర్తుంది. అదంతా ఒక్క కాపీయే, అదీ నా దగ్గరే ఉంది. నాకు జ్వరం రాకముందే రా.